చలి తుఫానులో హీటింగ్ ఆగిపోతే: దేంతో వెచ్చబడాలి, ఎప్పుడు ఇల్లు వదలాలి?

డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్, అలెన్‌లలో ఉండే మనవాళ్లెవరూ 2021 ఫిబ్రవరిని మర్చిపోయి ఉండరు. ఆ నెల 15న తెల్లవారుజామున ఒంటిగంట దాటాక, టెక్సస్ గ్రిడ్‌ను చూసే ఎర్కాట్ కరెంటు కోతలకు ఆదేశించింది. కాసేపు తీసి కాసేపు ఇస్తారనుకున్న కరెంటు చాలా ఇళ్లకు రోజుల తరబడి రాలేదు. మర్నాడు పొద్దున డీఎఫ్‌డబ్ల్యూ ఎయిర్‌పోర్టులో మైనస్ 2 ఫారన్‌హీట్, అంటే సుమారు మైనస్ 19 సెల్సియస్. రాష్ట్ర ఆరోగ్య శాఖ లెక్కలో 246 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమందిని తీసుకుపోయింది చలే. 19 మంది మాత్రం కార్బన్ మోనాక్సైడ్ పీల్చి పోయారు. ఆ గ్యాస్ ఇళ్లలోకి వచ్చేది ఎక్కువగా వెచ్చదనం కోసమో కరెంటు కోసమో మనం వెలిగించుకున్నవాటి నుంచే.

అందుకే ఈ పోలికలో ఏది ఎక్కువ వేడి ఇస్తుందన్న దానికంటే, భయంలో ఉన్న మనిషి ఏది తప్పుగా వాడే అవకాశం ఉందన్నదాన్ని నేను ఎక్కువ పట్టించుకుంటాను. ఇంకో మాట కూడా ముందే చెప్పేస్తాను. హీటింగ్ ఆగిన రాత్రి 2,500 చదరపు అడుగుల ఇంటిని వేడి చేద్దామన్న ఆలోచన వదిలేయండి. ఒక గదిని, ఆ గదిలో ఉన్న మనుషులను వెచ్చగా ఉంచగలిగితే చాలు. కింద చెప్పే ఎంపికలన్నీ ఆ లెక్కతోనే చూశాను.

అసలు పాడైందా?

కరెంటు ఉండి ఇల్లు చల్లబడుతుంటే, టెక్నీషియన్‌కి ఫోన్ చేసేముందు ఒక పది నిమిషాలు చూసుకోండి. డాలస్ ఇళ్లలో సిస్టమ్‌ను సాధారణంగా 20 డిగ్రీల ఫారన్‌హీట్ చుట్టూ ఉండే చలిని లెక్కేసి పెడతారు. బయట 5 డిగ్రీలున్నప్పుడు అది ఆగకుండా తిరుగుతూ 65, 66 దగ్గరే ఉండిపోతే పాడైనట్టు కాదు, దాని శక్తి అంతే. హీట్ పంప్, అంటే బయటి గాలిలోని వేడిని కరెంటుతో లోపలికి తెచ్చే యంత్రం, ఉన్నవాళ్లకు ఇంకో టెన్షన్. బయట యూనిట్ నుంచి పొగలాగా లేస్తుంది, లోపల గాలి గోరువెచ్చగానే వస్తుంది. ఆ పొగ నీటి ఆవిరే. యూనిట్ మీద పేరుకున్న మంచును అది తనే కరిగించుకుంటోంది. పావుగంటలో మామూలు స్థితికి రాకుండా యూనిట్ మంచుగడ్డలా మారితే అప్పుడు థర్మోస్టాట్‌లో ఎమర్జెన్సీ హీట్‌కి, అంటే అదనంగా ఉండే హీటింగ్‌కి మార్చండి. బిల్లు ఎక్కువొస్తుంది, ఆ రాత్రికి ఫర్వాలేదు.

తర్వాత థర్మోస్టాట్ బ్యాటరీలు, ఫిల్టరు, బ్రేకరు చూడండి. ఫిల్టరు దుమ్ముతో మూసుకుపోతే ఫర్నేస్ (ఇంటికి వేడిగాలి పంపే యంత్రం) వేడెక్కి తనంతట తనే ఆగిపోతుంది. బ్రేకరు ఒకసారి వేసి చూడండి. మళ్లీ పడిపోతే మళ్లీ మళ్లీ వేయొద్దు. అటిక్‌లో (పైకప్పు కింది ఖాళీ అర) ఫర్నేస్ తలుపు సరిగ్గా మూసుకోకపోయినా లోపలి స్విచ్ దాన్ని ఆన్ కానివ్వదు. ఫిల్టరు మార్చడానికి వచ్చినవాళ్లు తలుపు వదులుగా పెట్టి వెళ్లడం మామూలే. హై ఎఫిషియెన్సీ ఫర్నేస్ అయితే బయటికి వచ్చే తెల్ల పీవీసీ గొట్టాలకు మంచు అడ్డం పడిందేమో, నీళ్లు పోయే సన్న పైపు గడ్డకట్టిందేమో చూడాలి.

ఫర్నేస్ ముందు తలుపుకు చిన్న గుండ్రటి అద్దం ఉంటుంది. దానిలోంచి లోపలి బోర్డు మీద ఒక చిన్న లైటు మెరుస్తూ కనిపిస్తుంది. ఇన్నిసార్లు మెరిసి, ఆగి, మళ్లీ అన్నేసార్లు మెరుస్తుంది. ఆ లెక్కే దాని జబ్బు పేరు. ఏ లెక్కకు ఏ అర్థమో తలుపు లోపలివైపు కాగితం మీద ఉంటుంది. ఫోన్‌లో వీడియో తీసి టెక్నీషియన్‌కి పంపితే, ఏ పార్ట్ తేవాలో తెలుసుకుని వస్తాడు. తుఫానులో రెండోసారి రావడానికి అతనికి రెండు రోజులు పట్టొచ్చు కాబట్టి ఇది చిన్న విషయం కాదు. గ్యాస్ వాసన వస్తే మాత్రం ఇవేవీ చూడకుండా, స్విచ్చులు ముట్టుకోకుండా అందరూ బయటికి వచ్చి 911కి ఫోన్ చేయాలి.

కరెంటు ఉంటే: ఎలక్ట్రిక్ హీటర్లలో ఏది?

షాపులో 30 డాలర్ల హీటరు, 150 డాలర్ల హీటరు పక్కపక్కన పెడతారు. రెండింటి మీదా 1,500 వాట్లనే ఉంటే రెండూ ఇచ్చే వేడి ఒకటే. తేడా అంతా ఆ వేడి ఎలా చేరుతుందన్న దాంట్లోనే. ఫ్యాన్ ఉన్న సెరామిక్ హీటరు గదిని త్వరగా వేడెక్కిస్తుంది, ఆపగానే త్వరగా చల్లబడుతుంది. ఇన్‌ఫ్రారెడ్ ఎదురుగా కూర్చున్న మనిషికి బాగుంటుంది, పక్కకు జరిగితే లేదు. ఆయిల్ నింపిన రేడియేటర్ నెమ్మదిగా, ఓ గంటకు పుంజుకుంటుంది. కానీ ఎర్రటి తీగలు ఉండవు, చప్పుడు ఉండదు, ఆపినా కాసేపు వెచ్చగా ఉంటుంది. రాత్రి పిల్లలో పెద్దవాళ్లో పడుకునే గదికి నా ఓటు దీనికే. పడిపోతే ఆగిపోయే స్విచ్ ఉన్నది తీసుకోండి. పరుపు, కర్టెన్, దుప్పటి ఏదైనా 3 అడుగుల దూరంలో ఉండాలి.

జాగ్రత్తపడాల్సింది ప్లగ్గు దగ్గర. 1,500 వాట్ల హీటరు 12.5 ఆంపియర్లు లాగుతుంది. ఇక్కడ బెడ్‌రూమ్ సర్క్యూట్లు చాలావరకు 15 ఆంపియర్లవి, పైగా రెండు గదులకు ఒకటే సర్క్యూట్ ఉండొచ్చు. ఒక గదిలో హీటరు పెట్టి, పక్కగదిలో ఇంకోటి పెట్టగానే బ్రేకర్ పడిపోయేది అందుకే. ఎక్స్‌టెన్షన్ బాక్సుకు ఏది పడితే అది తగిలించడం మనకు ఇండియా నుంచి వచ్చిన అలవాటు. హీటరు విషయంలో అది మానేయాలి, నేరుగా గోడకే పెట్టాలి. పెట్టిన అరగంటకు ప్లగ్గును చేత్తో తాకి చూడండి. కాస్త వెచ్చగా ఉంటే సరే. చేయి వెనక్కి లాక్కునేంత వేడిగా ఉంటే ఆ సాకెట్ లోపల వదులైంది. వెంటనే తీసేసి వేరేదాంట్లో పెట్టండి.

అమ్మానాన్నలు ఇండియా నుంచి తెచ్చుకునే కరెంటు హాట్ బ్యాగులు 230 వోల్టులకు చేసినవి. ఇక్కడి 120లో పెడితే పావు వంతు శక్తే వస్తుంది. అదే రబ్బరు సంచి అయితే బంగారం. వేడినీళ్లు పోసి, తువ్వాలు చుట్టి, దుప్పట్లో పెడితే గంటల తరబడి పనిచేస్తుంది. షుగర్ ఉన్న పెద్దవాళ్లకు పాదాల్లో స్పర్శ తగ్గి ఉంటుంది కాబట్టి వాళ్ల కాళ్లకు ఆనించి పెట్టొద్దు, చర్మం కాలినా తెలియదు. కాళ్లకు కొంచెం ఎడంగా పెట్టండి.

కరెంటే లేకపోతే

"మాది గ్యాస్ హీటింగ్ కదా" అని ధైర్యంగా ఉన్నవాళ్లు 2021లో చాలామంది. గ్యాస్ వస్తున్నా బోర్డుకు, గాలి తోసే ఫ్యాన్‌కు కరెంటు కావాలి. అది లేకపోతే గ్యాస్ ఫర్నేస్ కూడా పనిచేయదు.

మొదటి ఎంపికకు ఖర్చేమీ లేదు, గది ఎంచుకోవడమే. టెక్సస్ ఇళ్లలో ముందు హాలు రెండంతస్తుల ఎత్తు ఉంటుంది, మాస్టర్ బెడ్‌రూమ్‌కి పెద్ద కిటికీలు. రెండూ వద్దు. మేడమీద, కిటికీలు తక్కువగా ఉన్న చిన్న గది మేలు, వేడి పైకే పోతుంది కాబట్టి. తలుపు కింద తువ్వాలు, కిటికీలకు కంఫర్టర్. నేల మీద దుప్పటి పరిచి, పరుపు కిందికి దించి, పిల్లల ఆట టెంటు ఉంటే పరుపు మీదే వేసి అందరూ దాంట్లో పడుకోండి. నలుగురి ఒంటి వేడికి టెంటు లోపల గదికంటే ఎంత వెచ్చగా ఉంటుందో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. చెమట పట్టేంతగా స్వెట్టర్లు వేసుకోవద్దు, తడిస్తే చలి పెరుగుతుంది. తలకు టోపీ, కాళ్లకు పొడి సాక్సులు తప్పనిసరి. ఏడాది లోపు పసిపిల్లలకు మాత్రం ముఖం దగ్గర వదులు దుప్పట్లు కప్పొద్దు, పెద్దవాళ్ల మధ్య కూడా పడుకోబెట్టొద్దు. బట్టల పొరలు, స్లీప్ సాక్ (ఒంటికి తొడిగే సంచిలాంటి దుప్పటి) వేసి పక్కనే విడిగా పడుకోబెట్టండి.

రెండోది బ్యాటరీ పవర్ స్టేషన్. దీన్ని కొనేవాళ్లలో చాలామంది దానికి హీటరు తగిలిద్దామనుకుంటారు. 1,000 వాట్ అవర్ల బ్యాటరీ మీద 1,500 వాట్ల హీటరు అరగంట దాటితే గొప్ప. అదే బ్యాటరీ 100 వాట్ల ఎలక్ట్రిక్ దుప్పటిని రాత్రంతా, అంటే దాదాపు 8 గంటలు నడుపుతుంది. పొగ లేదు, వాసన లేదు, అపార్ట్‌మెంట్‌లో ఎవరూ అభ్యంతరం చెప్పరు. అపార్ట్‌మెంట్‌లోనో టౌన్‌హౌస్‌లోనో ఉండేవాళ్లకు ఈ బ్యాటరీ, దుప్పటి జోడీకే నా సిఫార్సు. పసిపిల్లలకు మాత్రం ఎలక్ట్రిక్ దుప్పటి వాడకూడదు.

మూడోది ఇంట్లో వాడటానికి అనుమతి ఉన్న ప్రొపేన్ హీటరు. ఆక్సిజన్ తగ్గితే ఆగిపోయే సెన్సర్ దీనికి ఉండాలి, డబ్బా మీద ఇండోర్ సేఫ్ అని స్పష్టంగా రాసి ఉండాలి. పేషియోలో పెట్టే పొడవాటి హీటరు ఈ కోవలోకి రాదు. చిన్న హీటరు తక్కువ మంటలో గంటకు 4,000 బీటీయూ (వేడిని కొలిచే లెక్క) ఇస్తుంది. అది 1,200 వాట్ల కరెంటు హీటరుతో దాదాపు సమానం. ఒక పౌండు ఆకుపచ్చ సిలిండర్ ఆ మంటలో 5 గంటలు దాటి వస్తుంది. కిటికీ కొంచెం తెరిచి ఉంచాలి, బ్యాటరీతో నడిచే కార్బన్ మోనాక్సైడ్ అలారం అదే గదిలో ఉండాలి, నిద్రపోయేముందు ఆపేయాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి పాటించలేకపోయినా దీన్ని కొనొద్దు. నా లెక్కలో ఇది పడుకునే ముందు రెండు గంటలు గదిని వేడెక్కించుకోవడానికే. అద్దె ఇంట్లో ఉంటే లీజు కూడా ఒకసారి చదవండి, చాలా చోట్ల నిషేధం ఉంటుంది.

ఫైర్‌ప్లేస్ గురించి ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. కట్టెలు వేసే తెరిచిన ఫైర్‌ప్లేస్ మంట ముందు కూర్చున్నవాళ్లకు వెచ్చగా ఉంటుంది కానీ, ఇంట్లోని వేడిగాలిని చిమ్నీలోంచి పైకి లాగేస్తుంది. చిమ్నీకి ఉండే మూత, అంటే డాంపర్, తెరవకుండా వెలిగిస్తే పొగంతా ఇంట్లోనే. గ్యాస్ ఫైర్‌ప్లేస్‌లో ఎప్పుడూ చిన్న పైలట్ మంట వెలుగుతూ ఉండే రకం అయితే కరెంటు లేకపోయినా పనిచేస్తుంది. మీది ఏ రకమో నవంబర్‌లోనే బ్రేకర్ ఆపి వెలిగించి చూసుకోండి.

జనరేటర్ బలం ఎక్కువ, బాధ్యతా ఎక్కువే. గ్యాస్ ఫర్నేస్ ఫ్యాన్‌కు సుమారు 500 నుంచి 800 వాట్లు కావాలి కాబట్టి 2,000 వాట్ల చిన్న ఇన్వర్టర్ జనరేటర్‌తో ఇల్లంతా వేడెక్కుతుంది. హీట్ పంప్ ఉన్న ఇంటికి అది సరిపోదు. కానీ ఫర్నేస్ వైరు గోడలోంచి వస్తుంది, ప్లగ్గు ఉండదు. బయటి లైన్‌ను విడదీసి జనరేటర్‌కు మార్చే ట్రాన్స్‌ఫర్ స్విచ్‌ను ఎలక్ట్రీషియన్‌తో ముందే పెట్టించుకోవాలి. గోడ సాకెట్‌లోకి జనరేటర్ కరెంటు ఎక్కిస్తే అది బయటి లైన్లలోకి పోయి, అక్కడ రిపేర్ చేస్తున్న మనిషి ప్రాణం తీస్తుంది. జనరేటర్ ఇంటికి 20 అడుగుల దూరంలో, పొగ ఇంటివైపు రాకుండా ఉండాలి. గరాజ్ తలుపు తెరిచి లోపల పెడితే చాలదు. అక్టోబర్‌లో ఈ పని చేయించుకున్నవాళ్లకు ఇంతకు మించిన ఏర్పాటు లేదు. తుఫాను రోజు షాపుకెళ్లి కొనుక్కొచ్చేవాళ్లకు మాత్రం ఇంత ప్రమాదకరమైన వస్తువు ఇంకోటి లేదు.

కారులో కూర్చోవడం అందరికీ తట్టే ఆలోచనే. ఎలక్ట్రిక్ కారుకు పొగ ఉండదు. చార్జ్ బాగా ఉంటే గరాజ్‌లో కూడా హీటర్ వేసుకుని పడుకోవచ్చు, టెస్లాలో దానికి క్యాంప్ మోడ్ ఉంది. మనవాళ్ల గరాజుల్లో ఇప్పుడు ఇవి చాలా ఉన్నాయి, తుఫాను వస్తోందనగానే నిండుగా చార్జ్ చేసి పెట్టండి. పెట్రోలు కారైతే బయటే, సైలెన్సర్ దగ్గర మంచు లేకుండా చూసుకుని, కాసేపు మాత్రమే. 2021లో హ్యూస్టన్‌లో ఇంటికి ఆనుకున్న గరాజ్‌లో కారు ఆన్ చేసి ఉంచడంతో ఒక తల్లి, బిడ్డ చనిపోయారు.

ఇక బొగ్గులు. మన్యంలోనో ఆదిలాబాద్ వైపో చలికాలం చూసినవాళ్లకు కుంపటి పెట్టుకుని కూర్చోవడం కొత్త కాదు. అక్కడి ఇంటికి పెంకుల సందుల్లోంచి, తలుపు చెక్కల్లోంచి గాలి ఆడుతుంది. అయినా మూసిన గదిలో కుంపటి పెట్టుకుని పడుకుని చనిపోయినవాళ్ల వార్తలు మన దగ్గరా వస్తూనే ఉంటాయి. ఇక్కడి ఇల్లు గాలి దూరకుండా కట్టింది. బార్బెక్యూ గ్రిల్ లోపలికి తెచ్చి బొగ్గులు వెలిగిస్తే, ఆ గ్యాస్‌కు వాసన లేదు, రంగు లేదు. తలనొప్పి, వాంతి వచ్చేట్టుండటం, కళ్లు తిరగడం మొదలవుతాయి, ఫ్లూ అనుకుంటాం. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి వస్తే ఆలోచించకుండా అందరూ బయటికి వచ్చేసి 911కి ఫోన్ చేయండి. అత్తమామలకు, అమ్మానాన్నలకు ఈ ఒక్క సంగతి తెలుగులో, తీరిగ్గా, తుఫాను రాకముందే చెప్పి ఉంచండి. మనం ఆఫీసు పనిలో ఉన్నప్పుడు పిల్లల కోసమని ప్రేమతో వాళ్లు చేయబోయే పని ఇదే కావచ్చు. గ్యాస్ స్టవ్ మీద వంట చేసుకోండి, హాట్ బ్యాగుకు నీళ్లు కాచుకోండి. నాలుగు బర్నర్లూ వెలిగించి గదిని వెచ్చబరచడం మాత్రం వద్దు.

ఉండాలా, వెళ్లాలా?

ఈ నిర్ణయం వెలుతురు ఉండగానే తీసుకోవాలి. గదిలో ఒక థర్మామీటరు పెట్టండి. ఇంట్లో పసిపిల్లలో, 65 దాటిన పెద్దవాళ్లో ఉంటే, మీరు ఎంచుకున్న గది 60 డిగ్రీల దగ్గర నిలబడకపోతే వెళ్లిపోవడమే మేలంటాను. 60, 65 మధ్య ఉన్న ఇంట్లో కూడా పెద్దవాళ్ల ఒళ్లు ప్రమాదకరంగా చల్లబడవచ్చు, పైగా "నాకేం చలి లేదమ్మా" అంటూనే ఉంటారు. మాట తడబడటం, మత్తుగా ఉండటం, వణుకు ఉన్నట్టుండి ఆగిపోవడం కనిపిస్తే, ఒంటి వేడి 95 ఫారన్‌హీట్ కంటే తగ్గితే అది ఆస్పత్రి విషయం. ఆరోగ్యంగా ఉన్న పెద్దలే ఉంటే 50, 55లో దుప్పట్లతో రెండు రోజులు గడపొచ్చు.

ఎక్కడికి అన్నప్పుడు అందరూ హోటల్ యాప్ తెరుస్తారు. 2021లో హోటళ్లకూ కరెంటు పోయింది, కాబట్టి ఫోన్ చేసి కరెంటుందా అని అడిగాకే బుక్ చేయండి. నాకు హోటల్ కంటే స్నేహితుల ఇల్లే మెరుగనిపిస్తుంది, అందులోనూ పెద్ద ఆస్పత్రికి దగ్గరలో ఉన్నవాళ్లది. ఆస్పత్రులున్న లైన్లను కోతల నుంచి తప్పించారు కాబట్టి ఆ చుట్టుపక్కల చాలా ఇళ్లకు కరెంటు నిలిచింది. మొహమాటపడే సమయం కాదిది, వాట్సాప్ గ్రూపులో ఒక్క మాట అడిగితే గది ఇచ్చేవాళ్లు దొరుకుతారు. ఎవరూ లేకపోతే 211కి ఫోన్ చేస్తే దగ్గర్లోని వార్మింగ్ సెంటర్ చెబుతారు.

రోడ్డు మీద ఐస్ పడ్డాక మాత్రం లెక్క తారుమారవుతుంది. 2021 ఫిబ్రవరి 11న తెల్లవారుజామున ఫోర్ట్‌వర్త్‌లో ఐ-35డబ్ల్యూ హైవే మీద 133 వాహనాలు ఒకదాన్నొకటి గుద్దుకుని 6 మంది చనిపోయారు. తడిగా కనిపించిన రోడ్డు నిజానికి గాజులాంటి ఐస్. నార్త్ టెక్సస్‌లో మంచు తోసే బళ్లు తక్కువ, మన కార్లకు వింటర్ టైర్లూ ఉండవు. వర్షం గడ్డకట్టేలోపు వెళ్లగలిగితే వెళ్లండి, లేకపోతే పక్కింటికి నడిచి వెళ్లండి.

వెళ్లేవాళ్లు నీళ్లు కట్టేసి వెళ్లాలి

ఇంట్లోనే ఉంటే బయటి గోడలకు ఆనుకున్న ట్యాపులు, వేడి చల్లవి రెండూ, సన్నధారగా వదలండి. సింకు కింద తలుపులు తెరిచి ఉంచండి. ఇల్లు వదిలి వెళ్తుంటే మెయిన్ వాల్వ్ మూసేసి, పైనా కిందా ట్యాపులు తెరిచి పైపులు ఖాళీ చేయండి. వాల్వ్ సాధారణంగా ముందు లాన్‌లో నేలలో పూడ్చిన పెట్టెలో ఉంటుంది. మూత తీసే తాళంచెవి లాంటి పనిముట్టు హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది, చలికాలం రాకముందే కొని ఒకసారి తిప్పి చూడండి. ఇక్కడ పైపులు అటిక్‌లోంచి పోతాయి కాబట్టి పగిలితే సీలింగ్ మొత్తం కిందికి దిగుతుంది. బయటి గోడకు బిగించిన ట్యాంక్‌లెస్ హీటరు గడ్డకట్టకుండా కాపాడే ఏర్పాటు కూడా కరెంటుతోనే నడుస్తుంది. కరెంటు పోతే దాని కింద ఉన్న వాల్వులు తెరిచి నీళ్లు వదిలేయాలి.

రిపేరా, కొత్తదా?

హోమ్ వారంటీ ఉన్నవాళ్లు ముందు అక్కడ రిక్వెస్ట్ పెట్టండి, కానీ తుఫానులో దాని మీదే ఆధారపడొద్దు. క్యూ పొడవుగా ఉంటుంది. వేరే టెక్నీషియన్‌ని పిలిస్తే ఆ ఖర్చు ఇస్తారా అని అడిగి, జవాబు ఈమెయిల్‌లో తెప్పించుకోండి. ఇంట్లో చిన్నపిల్లలున్నారని, వయసు ఎంతో కూడా చెప్పండి, చాలాచోట్ల అలాంటివాళ్లను ముందుకు తెస్తారు.

వచ్చినతను మంట అంటించే ఇగ్నైటరో, మంటను కనిపెట్టే ఫ్లేమ్ సెన్సరో, ఫ్యూజో మార్చాలంటే అక్కడికక్కడే చేయించుకోండి. మొత్తం సిస్టమ్ మార్చాలంటే, వేలల్లో ఖర్చయ్యే ఆ నిర్ణయం చలిలో వణుకుతూ తీసుకోవద్దు. హీట్ ఎక్స్చేంజర్, అంటే మంట వేడిని గాలికి అందించే లోపలి లోహపు భాగం, పగిలిందంటే దాని ఫోటో అడగండి. అది నిజమైతే ఫర్నేస్ వాడకూడదు, కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి వస్తుంది. ఆపేసి, రెండు ఆయిల్ రేడియేటర్లు వేర్వేరు సర్క్యూట్ల మీద పెట్టుకుని వారం గడపండి. తుఫాను తగ్గాక మోడల్ నంబరు, ఆ ఫోటో ఇంకో ఇద్దరికి పంపి వాళ్ల ధరలు కూడా తెప్పించుకున్నాకే సంతకం పెట్టండి.